ఫవ్వాజ్ తాగేసిన కాఫీ

కరక్ పట్టణంలో ఎవరింట్లో పెళ్లి కుదరాలన్నా పెద్దరికానికి ఫవ్వాజే వెళ్లాలి. ఏళ్ల తరబడి అమ్మాన్ బస్సు నడిపిన మనిషి. హారన్ కన్నా ఆయన నోరే ఎక్కువ మోగేదని ఊళ్లో చెప్పుకుంటారు. ఏం లాభం? పోయినేడు ఒకరింటికి వెళ్లి చెల్లెలికి బదులు అక్కను అడిగేశాడు! ఆ అక్కకు అప్పటికే ఇద్దరు పిల్లలు.

అందుకే ఆయన తమ్ముడి కొడుకు ఘస్సాన్‌కు గుండెల్లో రాయి పడింది. వాడికి హనాదీ అంటే ప్రాణం. ఆమె తండ్రి దైఫుల్లా అసలే మొండిఘటం, ఒకసారి కాదన్నాడంటే ఇక అంతే.

"తాతా, నీ బుర్రను నమ్ముకుంటే ఘస్సాన్ బాబాయ్ బ్రహ్మచారిగానే మిగులుతాడు," అంది మనవరాలు రనీమ్. ఫోన్లోని కృత్రిమ మేధ చేత పిల్లనడిగే ప్రసంగం రాయించి ఇచ్చింది. "దీనికి నీలా మతిమరుపుండదు. లక్షల పుస్తకాలు చదివేసింది."

"చదివితే చదివింది. ఒక్క పెళ్లి చేయించిందా?" అని సణిగాడు గానీ, కూర్చుని బుద్ధిగా బట్టీ పట్టాడు.

దైఫుల్లా ఇంట్లో అందరూ కూర్చున్నాక కాఫీ వచ్చింది. అక్కడి ఆచారం ప్రకారం పిల్లనడిగి, అవతలివాళ్లు సరేననే దాకా ఆ కప్పు ముట్టకూడదు. తాగారంటే అడిగేదేమీ లేదన్నట్టే. ఫవ్వాజ్ కళ్లు మూసుకుని ప్రసంగంలో మొదటి మాట కోసం వెతుక్కుంటున్నాడు. యాలకుల వాసన గుప్పున తగిలింది. చెయ్యి దానంతటదే లేచింది. గుటుక్కున తాగేశాడు!

ఘస్సాన్ ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"తాగేశావుగా బాబాయ్. ఇక అడిగేదేమీ లేదన్నమాట," అన్నాడు దైఫుల్లా.

బట్టీ పట్టిందంతా ఎగిరిపోయింది. సిగ్గుతో ఫవ్వాజ్‌కు ఏడుపొక్కటే తక్కువ.

"పాడు బుర్ర, నాయనా! మా పిల్ల దగ్గరున్న యంత్రమైతే ఈ తప్పు చేసేది కాదు. దానికి నోరూరదుగా! దానికి కాలం చేసిన మీ నాన్న మిఖ్లిద్ కూడా తెలీదు. బస్సు దిగి ఎప్పుడొచ్చినా నా నేస్తం ఇదే కాఫీ పోసి, 'తాగరా ఫవ్వాజ్, చల్లారిపోతోంది' అనేవాడు. ఇప్పుడు వాసన తగిలేసరికి ఎదురుగా వాడే ఉన్నాడనుకున్నాన్రా. వాడు పోసిన కప్పు నేనెన్నడైనా కింద పెట్టానా?"

దైఫుల్లా లేచి, తనే స్వయంగా ఇంకో కప్పు పోశాడు.

"ఇది కింద పెట్టి అడుగు బాబాయ్."

ఫవ్వాజ్ కప్పు కింద పెట్టాడు. చేతులు రెండూ తొడల కింద అదిమిపెట్టుకున్నాడు.

"మీ హనాదీని మా ఘస్సాన్‌కివ్వండి," అన్నాడు, పేర్లు మర్చిపోతానేమోనన్న భయంతో గబగబా.

దైఫుల్లా తలగుడ్డ కొంగుతో కళ్లు తుడుచుకున్నాడు.

"తాగరా ఫవ్వాజ్, చల్లారిపోతోంది," అన్నాడు, అచ్చం వాళ్ల నాన్న గొంతుతో.