గంజి పెట్టిన పియానో

పియానో తీగలకు గంజి పెట్టినవాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉంటాడు. కోయిలకుంట్ల నేతగాడు బొజ్జన్న. నేను కర్నూలు మిషను బడిలో సంగీతం చెప్పేవాణ్ని. యాభై నాలుగు మే నెలలో అతను మా గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మా పాప పెట్టె ఎండకు పగులుతాండాది సారూ. ఒకసారి వచ్చి సూడండి."

పాప అంటే అతని కూతురు హులిగెమ్మ. తల్లి లేని పిల్ల, మా బడిలో ఉండి నా దగ్గరే పియానో నేర్చుకుంది. బడిలో పనిచేసిన దొరసాని తన దేశానికి వెళ్లిపోతూ, అందరికంటే బాగా వాయిస్తుందని తన పాత పియానోను ఆ పిల్లకే ఇచ్చేసింది. ఎడ్లబండిలో అది ఊరు చేరిన మూడు నెలలకే పిల్ల విషజ్వరంతో పోయింది. పదహారేళ్లు! తలుచుకుంటే నాకిప్పటికీ దేవుడి మీద కోపమే.

వెళ్లి పియానో మూత తీశాను. తీగలన్నిటి మీదా అట్టలు కట్టి జొన్నగంజి.

"ఏం పనప్పా ఇది? మతి పోయిందా నీకు?" అని అరిచాను.

"ఎండకు దారం తెగకుండా పడుగుకు గంజి పెడతాం గదా సారూ. ఇవీ పడుగు మాదిరే ఉండాయని..." అంటూ తల వంచుకున్నాడు.

ఇంకేం తిడతాను? రెండు రోజులు కూర్చుని ఒక్కొక్క తీగనే తుడిచాను. కొన్ని అప్పటికే తుప్పు పట్టాయి. ఎండ ముప్పు తీగలకు కాదు, వాటి వెనకున్న పలుచని చెక్కకు అని చెప్పాను. పియానోను ఎండకు కాగే పడమటి గోడ నుంచి జరిపించాను. కిటికీకి తడిగోనె కట్టి, గది మూలల్లో నీళ్లకడవలు పెట్టమన్నాను. మగ్గం గుంతలో తడి ఇసుక పోసి దారాన్ని కాపాడుకునే మనిషికి అది చెప్పగానే అర్థమైంది.

రెండో రోజు మిట్టమధ్యాహ్నం ఎవరూ ముట్టకుండానే పియానోలోంచి 'టంగ్' అని మోగింది. నా చేతిలో గుడ్డ జారిపోయింది. బొజ్జన్న మగ్గం ఆపి, "ఏమ్మా, వస్తాండా" అంటూ లేచాడు.

"రోజూ ఈ పొద్దుకే పిలుస్తాది సారూ. ఉన్నప్పుడు గూడా మగ్గం మోతలో తన గొంతు వినపడదని, అన్నానికి రమ్మని పెట్టె మీద ఆ మెట్టే కొడతాండె."

"చెక్క ఎండి చిట్లుతోందప్పా. దానికి సన్నతీగ అదురుతోంది. అంతే."

"అట్లనే కానీ సారూ. పెట్టె పగిలిపోతే మా పాప యాడికి పోతాది?"

కడవలు మరిచిపోవద్దని చెప్పి బస్సెక్కాను.

మరుసటి మే నెలలో మళ్లీ వెళ్లాను. గోనె తడిగా ఉంది, కడవలు నిండుగా ఉన్నాయి, చెక్కకు కొత్త పగులు ఒక్కటీ లేదు. భలే పని చేశానని మురిసిపోయాను. తీరా చూస్తే మగ్గం మీద దుమ్ము, బొజ్జన్న ఒంట్లో మిగిలినవి ఎముకలే.

"పెట్టె శానా బాగుండాది సారూ. పాపే పలకడం ల్యా. మీరు పోయినప్పటి నుంచి ఒక్కనాడూ పిలవలేదు."

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నా పాండిత్యం అట్లా ఏడ్చింది. కాపాడమని వచ్చినవాడి బిడ్డను నేనే రెండోసారి చంపానా అనిపించింది.

"కడవలు తీసేస్తా సారూ. కోప్పడొద్దు."

"తీస్తే ఎన్నాళ్లో నిలవదప్పా."

"పాప లేని పెట్టె నాకేటికి?"

మొదటి కడవ అతనే ఎత్తి బయట పెట్టాడు. మిగతా మూడూ నేనే బయటికి మోసి, గోనె పీకేశాను. వడగాలి గదిలోకి కొట్టింది. ఆ రోజు ఏమీ లేదు. మర్నాడూ లేదు. వెళ్లిపోదామనుకుంటూనే ఉండిపోయాను. మూడో రోజు మధ్యాహ్నం బేతంచెర్ల బండలు పరిచిన నేల మీద గోడకు ఆనుకుని ఇద్దరం కూర్చున్నాం.

'టంగ్.'

"ఏమ్మా, వస్తాండా" అన్నాడు బొజ్జన్న. నా నోట్లోంచీ అదే మాట వచ్చేసింది.

అతను లేచి రెండు కంచాల్లో సంగటి పెట్టాడు. తినేముందు నేను వెళ్లి చూశాను. చెక్కకు జానెడు కొత్త పగులు. వచ్చి కూర్చుని సంగటి కలుపుకున్నాను గానీ ఆ మాట ఎత్తలేదు.