తమ్ముడు మార్చిన హార్డ్ డిస్కు

మొన్న ఈ అరబ్బు దేశంలో, అర్దియాలో, ఇళ్ళకు ఇనుప గేట్లు చేసే మా షాపులో, పాత కంప్యూటరు మళ్ళీ మొరాయించింది. రేకు కోసే మిషన్ ఆ ముసలి వర్క్‌స్టేషన్ మాట తప్ప ఇంకెవరి మాటా వినదు గనుక దాన్ని పారేయడానికి లేదు. మెకానిక్‌ను పిలుద్దామని మాకు వీసా ఇచ్చిన షాపు యజమాని, మా కఫీల్, అంటున్నా వినకుండా, నేనే పక్కమూత విప్పి, దుమ్ము దులిపి, చెడిపోయిన హార్డ్ డిస్కు తీసి, కొత్తది బిగించి, తీగలు తగిలించాను. ఈ వయసులో నీకెందుకయ్యా అంటారేమో. పరాయి చేతికి ఇవ్వబుద్ధి కాదు. అయినవాడి చేతికి అసలే ఇవ్వను.

కిందటిసారి ఆ డిస్కు మార్చింది మా పిన్ని కొడుకు. కోనసీమ నుంచి వాణ్ణి రప్పించడానికి కఫీల్ గడ్డం పట్టుకుని బతిమాలింది నేను, ఫర్వానియా గదిలో నా మంచం పక్కన చోటిచ్చింది నేను, గేట్ల మీదికి తీగలూ ఆకులూ కంప్యూటర్లో గీయడం దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది నేను. ఇక్కడివాళ్ళు ఖర్జూరపు మట్టలు గీయమంటే నా చెయ్యి అలవాటు కొద్దీ కొబ్బరి మట్టలే గీసేది. ఖర్జూరపు ఆకు బిరుసుగా నిక్కి ఉంటుంది, నాది కిందికి వేలాడేది. కఫీల్ మొదట్లో విసుక్కున్నా, జనానికి అవే నచ్చి మా షాపుకు అదే గుర్తయింది. ఏళ్ళ తరబడి గీసిన ఆ బొమ్మలన్నీ డిస్కులోనే ఉండేవి.

అది టకటకా చప్పుడు చేయడం మొదలుపెట్టాక, నువ్వూరుకో అన్నయ్యా నేను చూసుకుంటానని వాడే కొత్తది పెట్టాడు. పాతది ఖలాస్, ఒక్క బొమ్మా దక్కలేదన్నాడు. ఆర్డర్లన్నీ ఆగిపోయి, ఇక్కడ ఉండనిచ్చే కాగితం, ఇఖామా, రద్దు చేసి ఊరికి పంపేస్తానని కఫీల్ కేకలేస్తుంటే నా తరఫున వాడే బతిమాలాడు. ఆ పూట నాకు అన్నం సహించకపోతే వాడే కలిపి ముద్దలు పెట్టాడు. పిచ్చివాణ్ణి, ఎంత మురిసిపోయానో.

కొన్నాళ్ళకు వాడు వేరే షాపుకు వెళ్ళిపోయాడు, నేను మళ్ళీ మొదటినుంచీ గీసుకుంటూ కూర్చున్నాను. ఒకసారి జహ్రాలో గేటు బిగించడానికి వెళితే, ఎదురింటి కొత్త గేటు మీద నా కొబ్బరి మట్టలు వేలాడుతున్నాయి. ఆ ఇంటి డ్రైవరు మా ఇద్దరినీ ఎరిగున్న కడప మనిషి. ఎవరు చేశారని అడిగితే, "మీ తమ్ముడే గదన్నా, ఆయప్ప కంప్యూటర్లో ఇట్లాటివి శానా ఉండాయి" అన్నాడు.

ఫోను చేసి అడిగాను. వాడు తడబడనైనా లేదు.

"అది షాపు డిస్కే కదన్నయ్యా, నీదేం కాదు కదా."

కాగితాల ప్రకారం నిజమే, ఫోను పెట్టేశాను. బొమ్మలు పోతే పోయాయి, అన్నం కలిపి పెట్టిన ఆ చేతిని మాత్రం ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

ఆ రోజుల్లో మనవైపు నుంచి ఒకడు దిగాడంటే గది తాళమూ పెట్టె తాళమూ వాడి చేతిలో పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయేవాళ్ళం, మీకూ గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు షాపులో మన యాసలో అన్నయ్యా అని ఎవరు పిలిచినా, పాపం వాళ్ళేం చేశారని అనిపిస్తూనే ఉంటుంది. అయినా ముందు స్క్రీన్ ఆపేసి, ఆ తర్వాతే వెనక్కి తిరుగుతున్నాను.