నిమ్మకాయల మీదుగా అక్క సైకిలు

నా చిన్నప్పుడు మా బెంగళూరు వీధిలో ఆడవాళ్ళు ఒకరి నొప్పిని ఇంకొకరు నమ్మేవాళ్ళు కాదు. నమ్మితే తాము పడినదానికి విలువ తగ్గిపోతుందన్నట్టు ఉండేవాళ్ళు. తొంభైల మొదట్లో సంగతి ఇది, నేను నాలుగో తరగతి. పక్కింటి అక్క మీద వాళ్ళు పడిన తీరు తలుచుకుంటే నాకు ఈనాటికీ ఒళ్ళు మండుతుంది.

అక్క ఒక బడిలో పిల్లలకు కుట్టుపని నేర్పే ఉద్యోగం చేసేది. ఆ బడి వైపు బస్సులు లేవు, సైకిలు మీదే వెళ్ళేది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న మగవాళ్ళ సైకిలు అది, మధ్యలో అడ్డ కడ్డీ. చుడీదార్ వేసుకుని, కాలు వెనక నుంచి ఒక్క విసురు విసిరి ఎక్కేది. కడుపుతో ఉన్నప్పుడు ఆ విసురు పోయింది. తుంటి దగ్గరా, పొత్తికడుపు కింద ముందు ఎముక దగ్గరా నొప్పి. పక్క మీద ఒత్తిగిలడానికి కూడా ఏడ్చేది. గడప దాటాలంటే ద్వారబంధం పట్టుకునేది. కొందరికి ఆ ఎముకల కీళ్ళు వదులవుతాయనీ, కాన్పు తరవాత మెల్లగా సర్దుకుంటాయనీ ఆస్పత్రిలో చెప్పారట. పాపకు కూర్చోవడం వచ్చింది గానీ, అక్క కాలు మాత్రం ఇంకా పక్కకు లేవలేదు.

"మేమూ కన్నాము పిల్లోళ్ళని. మాకు లేని నొప్పి నీకేమమ్మా వచ్చినాది?" అనేది వాళ్ళత్త, నలుగురూ వినేటట్టు. సైకిలు తొక్కి తొక్కి ఎముక అరగదీసుకుందని వీధి తేల్చేసింది. మా అమ్మ కూడా తలూపింది. అది నేను మరిచిపోలేదు.

ఆయుధపూజ వచ్చింది. బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం మా ఊళ్ళో అందరూ చేసేదే. వాళ్ళింట్లో మాత్రం దాని మీద ఇంకో నియమం ఉండేది. నిమ్మకాయలు తొక్కించినవాళ్ళదే ఆ ఏడాదంతా బండి. ఈసారి తన చిన్నకొడుకు తొక్కుతాడని వాళ్ళత్త ముందే చాటింది. సైకిలు చేయి మారితే అక్క ఉద్యోగం పోయినట్టే.

ముందురోజు సాయంత్రం అక్క నన్ను సైకిలు పట్టుకోమని, సీటును వీలైనంత కిందకి దించింది. అప్పట్లో నేను కనిపించిన ప్రతిదాన్నీ జానతో కొలిచేదాన్ని. కొలిచి చూస్తే ఇప్పుడు అక్క రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనుతాయని లెక్క తేలింది. కానీ ఎక్కేదెలా? కడ్డీ ఎత్తు మారదు కదా. అడిగితే అక్క నవ్వి, సీటు మర బిగించసాగింది.

పూజ అయింది. బంతిపూల దండ వేసిన సైకిలు గుమ్మం ముందు నిలబెట్టారు. మరిది వచ్చేలోపలే అక్క వెళ్ళి హ్యాండిలు పట్టుకుంది. "ఎక్కమనప్పా, చూస్తాము" అంది వాళ్ళత్త. వీధి వీధంతా అరుగుల మీదకు చేరింది.

అక్క సైకిలును తన వైపు వంచింది. ఇంకా వంచింది. చివరికి నేల మీద పడుకోబెట్టేసింది. "పడేసింది చూడండమ్మా! పూజ చేసిన లక్ష్మిని పడేసింది!" అని ఒకావిడ చప్పట్లు కొట్టింది. అక్క తల ఎత్తలేదు. పడుకున్న కడ్డీని గడప దాటినట్టు చిన్న చిన్న అడుగులతో దాటి, హ్యాండిలు పట్టి సైకిలును పైకి లేపింది. లేచిన సైకిలు తన కాళ్ళ మధ్యకే వచ్చి నిలబడింది. సీటు మీద కూర్చుని తొక్కింది. నిమ్మకాయలు చితికాయి.

నాకు కేక పెట్టాలనిపించింది. పక్కనే పరిగెత్తాను. రివాజు ప్రకారం ఆంజనేయుడి గుడి దాకా వెళ్ళి రావాలి. అక్క ముఖంలో నొప్పి లేదు. అయినా మొదటి కరెంటు స్తంభం దగ్గరే ఆపి, సైకిలును మళ్ళీ పడుకోబెట్టి దిగిపోయింది. "ఇంకొంచెం అక్కా, అందరూ చూస్తుండారు" అని బతిమాలాను.

"నొప్పి ఇప్పుడు రాదే పాపా. రేపు పొద్దున వస్తాది. ఈ పొద్దు ఎంత తొక్కినా జవాబు రేపే."

సైకిలు నడిపించుకుంటూ ఆ నవ్వుల మధ్య నుంచే వెనక్కి వచ్చింది. "గుడి దాకా పోలేనిది పనికి పోతాదంట!" అంది వాళ్ళత్త. నిమ్మకాయలు తొక్కింది అక్కే కదా మరి, ఆవిడ సైకిలు జోలికి మాత్రం రాలేకపోయింది.

మర్నాడు లేవగానే వాళ్ళింటికి పరిగెత్తాను. అక్క పాపను చంకన వేసుకుని, ద్వారబంధం పట్టుకోకుండా గడప దాటి బయటికి వచ్చింది. నన్ను చూసి, "ఇంకో స్తంభం దాకా పోవచ్చు" అంది. అంతే.

ఒకసారి మూడో స్తంభం దాకా వెళ్ళి మర్నాడంతా మూలుగుతూ పడుకుంది. "చెప్పినాము కదా" అని వీధి పండగ చేసుకుంది. లేచాక అక్క మళ్ళీ రెండో స్తంభం నుంచి మొదలుపెట్టింది. శివరాత్రి ఎండలు మొదలయ్యేసరికి గుడి దాటి, పనికి వెళ్ళిపోయింది. ఎక్కేటప్పుడు సైకిలును పడుకోబెట్టడం మాత్రం మానలేదు. వీధి పిల్లలు దాన్ని చూసి వెక్కిరించడమూ మానలేదు. తప్పయిందని ఒక్కరూ అనలేదు. నేను ఎదురు చూశాను కూడా.

ఆ తరవాత లెక్కలన్నీ నాకు నేనే నేర్చుకుని బతికినదాన్ని. అక్కను చూశాక, ఏ లెక్కయినా అక్కడికక్కడే తేలిపోయిందని ఎవరైనా అంటే నాకు నమ్మబుద్ధి కాదు. ఇప్పుడు నా మోకాలు అరిగింది. పార్కులో తోటివాళ్ళు ఇంకో చుట్టు అంటారు, నేను బెంచీ మీద కూర్చుండిపోతాను. నవ్వుతారు. నవ్వనీ. వాళ్ళకు జవాబు చెప్పే పని నాది కాదు. రేపు పొద్దున మంచం దిగేటప్పుడు నా కాలు నాకు చెబుతుంది.