ఇంగ్లీషు టీ రూములో శనివారం పలహారం

ఆంటీ పోయారని ఆవిడ కూతురు టొరంటో పక్క ఎటోబికో నుంచి మెసేజ్ పెట్టింది. ఇంగ్లీషులో రెండు లైన్లు. నిద్రలోనే పోయారట, బాధ పడలేదట. నేను అప్పుడు రెజైనాలో ఆఫీసులో ఉన్నాను. చదివి మూసేశాను, మళ్ళీ తెరిచి చదివాను. నాకు ముందుగా వచ్చిన ఆలోచన చెబితే మీరేమనుకుంటారో గాని, ఉన్నదున్నట్టు చెబుతాను. "అయ్యో, ఆ బోర్డు సంగతి చెప్పకుండానే వెళ్ళిపోయారే!" అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఆవిడ నాకు చుట్టమేమీ కాదు. కెనడాలోని సస్కటూన్‌లో కాలేజీ పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. తెనాలి మాట, తెల్లజుట్టు, ఊలు కోటు మీద కాటన్ చీర కొంగు. నాది సిద్దిపేట. మా ఇద్దర్నీ కలిపింది ఒక ఇంగ్లీషు టీ రూము. వినడానికి వింతగా ఉంటుంది, నిజంగానే వింత.

నేను చదువుకని సస్కటూన్ వచ్చిన ఏడాది మా కాలేజీలో ఏ మూల నిలబడ్డా తెలుగే వినపడేది. అంతమందిమి వచ్చి పడ్డాం. పార్ట్‌టైమ్ షిఫ్టుకు వెళ్ళే బస్సు ఆ టీ రూము ముందే ఆగేది. అద్దంలోంచి లేసు కర్టెన్లు, పూల కప్పులు, మూడంతస్తుల పళ్ళేలు కనిపించేవి. లోపల ఏముంటుందో చూడాలని నాకు ఒకటే తహతహ. ఒక శనివారం మేము రూమ్మేట్లం నలుగురం వెళ్ళాం. నలుగురికీ కలిపి ఒకటే టీ చెప్పాం, ఒకటే మూడంతస్తుల పళ్ళెం. మా ఊళ్ళో ఇరానీ చాయ్ పంచుకున్నట్టే అనుకున్నాం, తప్పని మాకేం తెలుసు!

టీపాట్‌కి ఊలుతో అల్లిన తొడుగు వేసి తెచ్చారు, టీ చల్లారకుండా. అది చూసి మాలో స్రవంతి ఆగుతుందా?

"ఏందే ఇది, అచ్చం మంకీ క్యాప్ లెక్కనే ఉన్నది!"

"పెట్టుకో, ఫోటో తీస్త," అన్నాను నేనే.

అది పెట్టుకుంది. అందరం పడీపడీ నవ్వాం. కిటికీ పక్కన చీర కనపడకుండా కోటు కాలరు పైకెత్తుకుని కూర్చున్న పెద్దావిడ ఇటు తిరిగింది.

"ఆ ముసలామె మనల్నే చూస్తున్నదే," అంది స్రవంతి.

"ఆమెకేం సమజైతది తియ్," అన్నాను.

అలా మూడు గంటలు కూర్చున్నాం. లేచి వెళ్తుంటే ఆ పెద్దావిడ కప్పు కింద పెట్టి, నిదానంగా, తెలుగులో అంది: "బయట చలిగా ఉందమ్మా. ఈసారి అసలు టోపీలు పెట్టుకుని వెళ్ళండి."

భూమి చీలితే బాగుండుననిపించింది. ఆ కంగారులో నా గ్లవ్స్ అక్కడే వదిలేసి వచ్చాను.

తర్వాతి శనివారం గ్లవ్స్ కోసం వెళితే తలుపు పక్కనే కొత్త బోర్డు. ఒక్కొక్కరూ విడిగా ఆర్డరివ్వాలి. గంటన్నరలో టేబులు ఖాళీ చేయాలి. టీపాట్ తొడుగులు తలకు పెట్టుకోరాదు. మూడో లైను చదివాక ఇంక అనుమానమేముంది? మా కోసమే. అప్పటికే ఇళ్ళు దొరకడం లేదన్నా, బస్సులు కిక్కిరిసినా "ఈ స్టూడెంట్లే" అన్న మాట అక్కడక్కడ చెవిన పడుతూనే ఉంది. ఆ బోర్డు చూడగానే ఊరు ఊరంతా మమ్మల్ని వద్దంటున్నట్టు గుండె కలుక్కుమంది. చేతులు జేబుల్లో పెట్టుకుని వెనక్కి తిరిగాను. ఎదురుగా ఆ పెద్దావిడే, మా ఆంటీ, కారు తాళం వేస్తూ.

"ఏమ్మా, లోపలికి రావా?"

"మా వల్లనే బోర్డు పెట్టిన్రు ఆంటీ. ఇగ ఏ మొహం పెట్టుకొని వస్త?"

"బోర్డే కదా పెట్టింది, తలుపు మూసిందా? పద," అని నా మణికట్టు పట్టుకుంది. లెక్కల టీచర్ల పట్టు మీకు తెలిసిందే, విడిపించుకోలేం.

టీ రూమావిడ ఇంగ్లాండు నుంచి కోడలిగా ఈ ఊరొచ్చిన మనిషి. నన్ను చూసి మూతి బిగించింది. నేను సారీ చెప్పాను. ఆవిడ లోపలికి వెళ్ళి నా గ్లవ్స్ తెచ్చింది. హీటరు మీద పెట్టి ఉంచినట్టుంది, వెచ్చగా ఉన్నాయి. "ఆ తొడుగు మా చెల్లెలు అల్లింది," అంది. అంతే. ఆ తర్వాత నాకోసం ఇంకో కప్పు తెచ్చి పెట్టింది.

ఆ రోజు నుంచి షిఫ్టు లేని ప్రతి శనివారం ఆంటీ ఎదురు కుర్చీ నాదే అయింది.

ఆంటీకి శనివారం ఒక పొద్దు. వెంకటేశ్వరస్వామికి మొక్కు. అన్నం ముట్టదు, సాయంత్రం పలహారమే. ఆ పలహారం చేయడానికే ఆవిడ ఆ టీ రూముకు వచ్చేది!

"ఇంగ్లీషు వాళ్ళ తిండితోటి ఒక పొద్దు ఏంది ఆంటీ?" అంటే లెక్క అప్పజెప్పేది.

"దోసకాయ శాండ్‌విచ్చిలో అన్నముందా? స్కోన్‌లో అన్నముందా? మరి పలహారం కాకపోతే ఇంకేంటే?"

"నాలుగైనా కాలే, ఇప్పుడే సాయంత్రమా?"

"డిసెంబరులో ఇక్కడ ఐదింటికల్లా చీకటి. స్వామికి ఆ మాత్రం తెలీదా?"

పై అంతస్తులో కేకుల్లో గుడ్డుంటుందని అవి నా వైపు తిప్పేసేది, "పై మేడ నీది" అంటూ. స్కోన్‌ని, ఆ చిన్న గుండ్రటి బన్నుని, కత్తితో కోసేది కాదు, ఇడ్లీ తుంచినట్టు చేత్తో తుంచేది. మొదటి ముక్క తీసుకునే ముందు కళ్ళు మూసుకుని పెదవులు కదిలించేది. టీ రూమావిడ ఆ సమయానికి టీపాట్ పట్టుకుని వస్తే, ఆంటీ కళ్ళు తెరిచేదాకా పక్కనే కదలకుండా నిలబడేది. పక్క టేబుళ్ళ వాళ్ళు పిలుస్తున్నా సరే. నాకిది భలే ఆశ్చర్యంగా ఉండేది.

ఇంతకంటే ఆశ్చర్యం ఇంకొకటి. మా బోర్డుకు పైన, పాతబడి పసుపుబారిన చెక్క బోర్డు ఒకటుండేది: బయటి తిండి లోపలికి తేరాదు. ఆంటీ లోపలికి వస్తూ దాన్ని చూసి ముసిముసిగా నవ్వుకునేది. ప్రతిసారీ!

"ఎందుకు నవ్వుతున్నరు ఆంటీ? చెప్పరాదుండ్రి."

"చెప్తాలే, వచ్చే వారం."

పరీక్షలయ్యాయి, వర్క్ పర్మిట్ వచ్చింది, రెజైనాలో ఉద్యోగమొచ్చింది. ఆ వచ్చే వారం మాత్రం రాలేదు. ఫోనులో అడిగినా "ఫోనులో చెప్పేది కాదు, ఆ కుర్చీలో కూర్చుంటేనే చెప్తా" అనేది. నేనే పని పనంటూ వెళ్ళలేదు. ఆ మాటకు నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

అంత్యక్రియలకు మంచులో మూడు గంటలు డ్రైవ్ చేసుకుని వెళ్ళాను. ముందు వరసలో టీ రూమావిడ కూర్చుని ఉంది. అయ్యాక నా దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకుని, మెల్లిగా, ఇంగ్లీషులో అడిగింది: "ఆమె ఒకసారి స్టీలు డబ్బాలో తెచ్చిందే, రవ్వతో, ఆవాలు వేసి... అది నీకు చేయడం వచ్చా?"

నాకు ఏమీ అర్థం కాలేదు. ఆంటీ టీ రూముకి డబ్బా తేవడం నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడు చెప్పిందావిడ. మేమెవ్వరం పుట్టకముందు మాట. ఆంటీ ఈ ఊరొచ్చిన కొత్తలో ఒక శనివారం టీ రూముకు వచ్చి, టీ ఒక్కటే చెప్పి, హ్యాండ్‌బ్యాగులోంచి స్టీలు డబ్బా తీసి, పూల పింగాణీ పళ్ళెంలో ఉప్మా వడ్డించుకుందట! పైగా టీ రూమావిడను పిలిచి, "మీరూ ఒక స్పూను తినండి" అందట. ఆవిడ వద్దంది, సోమవారం ఆ బోర్డు రాయించింది. శనివారం ఆంటీ మళ్ళీ వచ్చింది. బోర్డు చదివింది, నవ్వింది, కూర్చుంది. "సరే, మీ దగ్గర గుడ్డు లేనిది ఏముందో చెప్పండి" అని అడిగింది.

"ఇంక రాదనుకున్నాను," అంది టీ రూమావిడ. "నాకు సిగ్గేసింది. ఆ పై వారం నుంచి శనివారం స్కోన్‌లకు పైన గుడ్డు పూత మానేసి పాల పూత వేస్తున్నాను. బోర్డు తీసేస్తానంటే తనే తీయనివ్వలేదు. ఉండనీ, చూస్తే నవ్వొస్తుంది అంది. ఆ ఒక్క స్పూను మాత్రం ఇన్నేళ్ళలో నేను అడగలేకపోయాను."

అంటే తలుపు దగ్గర నా మణికట్టు పట్టుకున్న రోజున ఆంటీ ఊరికే ధైర్యం చెప్పలేదు. తన మీద పెట్టిన బోర్డు కింద నుంచే నన్ను నడిపించుకుని లోపలికి తీసుకెళ్ళింది. ఈ సంగతి నాకు ఇన్నాళ్ళకు తెలిసింది.

మర్నాడే శనివారం. ఇంకా సస్కటూన్‌లోనే ఉంటున్న స్రవంతి వంటింట్లో ఉప్మా చేశాను. కరివేపాకు ఫ్రీజర్లోది, జీడిపప్పు వేయించింది స్రవంతి. డబ్బా పట్టుకుని ఇద్దరం వెళ్ళాం. గుమ్మంలో పాత బోర్డు చూసి నా కాళ్ళు ఆగాయి. టీ రూమావిడ కుర్చీ లాక్కుని ఎక్కి, ఆ బోర్డును గోడ వైపుకి తిప్పేసింది. "గంటసేపే," అంది. ఆ తర్వాత ఏప్రాన్ విప్పి, ఆంటీ కుర్చీలో కాకుండా, ఎదురుగా నా కుర్చీలో కూర్చుంది.

పూల పళ్ళెంలో ఉప్మా వడ్డించాను. తిరగమోత వాసన లేసు కర్టెన్ల దాకా వెళ్ళింది. పక్క టేబులు వాళ్ళు తలలు తిప్పి చూశారు. ఆవిడకు టీ పోద్దామని టీపాట్ ఎత్తాను. స్పూను చేతిలోకి తీసుకున్న మనిషి ఒక్కసారి కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి, ఏమనుకుందో ఆవిడకే తెలియాలి.

టీపాట్ పట్టుకుని, ఆవిడ కళ్ళు తెరిచేదాకా, పక్కనే కదలకుండా నిలబడ్డాను.