వంటావార్పు మీద మా ట్యాంకు నీళ్లు

మా మన్సూరాబాద్ ఇంటి డాబా మీద, ట్యాంకు అడుగున రెండు ఇత్తడి గేటు వాల్వులుండేవి. ఒకటి వంటింటికి, ఒకటి స్నానాల గదికి. ఏళ్ల తరబడి బోరు నీళ్ల ఉప్పు తిని, పచ్చబడి, తెల్లబడి, చివరికి తిప్పినా తిరగడం మానేశాయి. నేను పుట్టింది కాకినాడలో. మా వైపు పడవ అడుగున చిల్లు పడితే నీళ్లు లోపలికొస్తాయని భయపడతారు. ట్యాంకు కూడా పడవలాంటిదే, భయం మాత్రం తిరగబడింది: ఇక్కడ నీళ్లు బయటికి పోతాయని.

తెలంగాణ ఉద్యమం రోజులవి. ఒక బంద్ రోజున మా వీధి చివర వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అందరూ కలిసి తినే నిరసన. ఎదురింటావిడ నల్గొండ నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. ముందు రోజు సాయంత్రమే మా గేటు దగ్గర నిలబడి పిలిచింది.

"మీరు గూడ రాండ్రి అక్కా. ఉత్తగ తిని పోండ్రి, నినాదాలు మేమిస్తం."

వెళ్దామంటే భయం, రామంటే మొహమాటం. కోస్తా నుంచి వచ్చినవాళ్లం, ఎటు నిలబడ్డా ఎవరో చూస్తారని మా బాధ. మా ఆయనే ఉపాయం కనిపెట్టారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎప్పుడో కొని అటక మీద పడేసిన కొత్త వాల్వులున్నాయి కదా, రేపు ట్యాంకు పని పెట్టుకుందాం అన్నారు. ఆవిడతో నేనదే చెప్పాను. ప్లంబరు కూడా బందులోనే ఉంటాడు గదా అని నవ్వి ఊరుకుంది.

మర్నాడు డాబా ఎక్కాం. పద్ధతి ప్రకారం ముందు ట్యాంకు ఖాళీ చేయాలి. ఆ ఎండాకాలం బోరు ఎండిపోయి, ట్యాంకరు నీళ్ల మీద బతుకుతున్నాం. పారబోయడానికి మనసొప్పక బకెట్లలో పట్టుకుందామనుకున్నాం. నేను బకెట్ల కోసం దిగబోతుంటే, మా ఆయన "అసలు కదులుతుందో లేదో చూస్తా" అంటూ రెంచి బిగించారు. కదిలింది. వాల్వు ఒక్కటే కాదు, ట్యాంకులోకి దిగిన గొట్టం మెడతో సహా ఊడి చేతికొచ్చింది. ఆయన ఆ బెజ్జానికి అరచెయ్యి అడ్డం పెట్టారు, తర్వాత తువ్వాలు కుక్కారు, తర్వాత నా వైపు చూశారు. ఏదీ పనిచేయలేదు. వాల్వు పోయిన నీళ్లు వాలు చూసుకున్నాయి. డాబా మీంచి వీధిలోకి, వీధిలోంచి రోడ్డు మీదికి. ఊరంతా బంద్ అయిన రోజున మా నీళ్లు మాత్రం బంద్ కాలేదు.

పిట్టగోడ మీంచి చూశాను. వంటావార్పు దగ్గర డప్పు ఆగిపోయింది. పొయ్యిల్లోంచి తెల్లటి పొగ లేచింది. జనం చీరల కుచ్చిళ్లు, ప్యాంట్లు ఎత్తి పట్టుకుని, నీళ్లు వచ్చిన దారి వెంట తలలు తిప్పుతూ తిప్పుతూ మా ఇంటి దగ్గర ఆపారు.

కావాలనే పోశామనుకుంటే? కాళ్లు మెట్లు దిగాయి గాని, తల పైకి లేవలేదు. నా వెనకాలే మా ఆయన, తడిసిన లుంగీతో, విరిగిన వాల్వును సాక్ష్యంలా పట్టుకుని. "కావాలని కాదండీ, చూడండి, ఉప్పు మొత్తం తినేసింది" అని ఒక్కొక్కరికీ చూపించబోయారు. ఎవరూ చూడలేదు. పొద్దుటి నుంచి పోలీసులు కూడా ఈ పని చెయ్యలేదని వెనక నుంచి ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. ఒక పెద్దాయన నవ్వలేదు.

ఎదురింటావిడ గుండిగ మూత తీసి మెతుకు నలిపి చూసింది. ఇంకా పలుకు మీదే ఉంది. అంతమందికీ ఆ అన్నమే ఆధారం.

"పొయ్యి ఆర్పిన్రు గద అక్కా. ఇగ పొయ్యి మీరే ఇయ్యాలె."

మా వరండాలో ఇటుకలు పేర్చి, పాత మంచం పట్టెలు విరిచి మంట పెట్టారు. గుండిగ ఒక పక్కకు ఒరుగుతుంటే, ఆ నవ్వని పెద్దాయన మా ఆయన చేతిలోంచి వాల్వు తీసుకుని దాని కింద దోపారు. చాలా ఏళ్ల తర్వాత అది దేన్నయినా ఆపడం అప్పుడే.

ఉడికిన అన్నం మళ్లీ రోడ్డు మీదికి వెళ్లింది. దాని వెంట మేమూ వెళ్లాం. వెళ్లకుండా ఉండడానికి పెట్టుకున్న పనే మమ్మల్ని విస్తరి ముందు కూర్చోబెట్టింది. పప్పుచారు రెండుసార్లు పోయించుకున్నాను.

తిన్నాక చెయ్యి కడుక్కుందామని ఇంటి వైపు తిరిగితే గుర్తొచ్చింది, ఇంట్లో చుక్క లేదు. చెప్పకుండానే ఎదురింటావిడకు అర్థమైంది. వాళ్ల డ్రమ్ములోంచి ఒక బకెట్ నింపి నా చేతికిచ్చింది.

"గివ్వన్న కిందికి ఇడ్వకుండ్రి అక్కా."

తొణక్కుండా పట్టుకుని, అందరి ముందు నుంచీ ఇంటి దాకా నడిచాను.