కుప్పను కాల్చే కార్డు

ఆ బొమ్మ నా ఫోన్‌లో కనిపించినప్పుడు నేను మిల్లు స్టోర్సులో బేరింగుల పెట్టెలు సర్దుతున్నాను. కొత్త సెట్ విడుదలకు ఇంకా కొన్ని వారాలున్నాయి. కార్డుల కంపెనీ వాళ్లు ఎప్పటిలాగే రోజుకు కొన్ని కార్డులు ముందుగా చూపిస్తున్నారు. ఆ రోజు చూపించినవాటిలో ఒక కొలిమి బొమ్మ ఉంది. దానికింద చిన్న ఇంగ్లీషు అక్షరాలు. చదివాను, నమ్మలేక మళ్లీ చదివాను. ఈ కార్డు బల్లమీదికి రాగానే ఇద్దరు ఆటగాళ్లూ అంతవరకు పారేసిన కార్డులన్నీ కాలిపోతాయి, ఇక ఆటలోకి తిరిగి రావు. ఆటలో దాన్ని దింపడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. ఎవరైనా పెట్టుకోవచ్చు.

చేతిలో ఉన్న పెట్టెకు మూత ఎక్కడ పెట్టానో కాసేపు తెలియలేదు. నాకు మొదట గుర్తొచ్చింది మా బావ.

ఈ ఆట తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. ఇది పేకాట కాదు, పందెం ఉండదు. వేల కార్డుల్లోంచి తమకు కావలసినవి ఏరుకుని ఎవరి కట్ట వాళ్లు కట్టుకుంటారు. దాన్ని డెక్ అంటారు. నా కట్ట నీ కట్టతో పోరాడుతుంది. కొన్ని నెలలకొకసారి కంపెనీ కొత్త సెట్ వదులుతుంది. నిన్నటిదాకా గెలిచిన డెక్ ఆ రోజునుంచి ఓడిపోవచ్చు, ఎవరూ పట్టించుకోని పాత కార్డు ఒక్కసారిగా పైకి రావచ్చు. ఆడేవాళ్లకు సరదా అంతా అందులోనే. నాకూ ఉండేది, బావకు జబ్బు చేసేదాకా.

బావ అంటే మా అక్క భర్త. కోయంబత్తూరు పక్కన తుడియలూరులో ఒక పంపుల వర్క్‌షాపులో లేత్ మీద పనిచేసేవాడు. గాంధీపురంలో ఒక సెల్‌ఫోన్ కొట్టు మేడమీద ఈ కార్డుల దుకాణం పెట్టినప్పుడు ఇద్దరం కలిసి నేర్చుకున్నాం. కాలేజీ పిల్లల మధ్య నడివయసు మనుషులం ఇద్దరం. ఆదివారం వస్తే అక్కడే. తర్వాత అతనికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి కొంత తిరిగొచ్చింది. మాట ముక్కలుముక్కలుగా వచ్చింది. కొత్తది మాత్రం ఏదీ లోపల నిలవలేదు. పక్క వాటాలోకి అద్దెకు వచ్చినవాళ్లు ఎవరని రోజూ అడిగేవాడు. కొత్త ఫోన్ కొనిస్తే దాన్ని పక్కనపెట్టి పాతదానికోసం వెతికేవాడు. ఆస్పత్రినుంచి వచ్చాక నెలల తరబడి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

ఒకరోజు ఊరికే అతని డెక్ అతని చేతిలో పెట్టాను. ఎడమచేత్తో విప్పి, వెతికి, ఏనుగు బొమ్మ కార్డుల్లో ఒకటి తీసి అన్నిటికన్నా పైన పెట్టాడు. "ఇదేదా" అన్నాడు, ఇదే కదా అని. అక్క వంటింట్లోంచి పరుగున వచ్చింది. అంతకుముందు వారమంతా అతను నోరు తెరవలేదు.

ఆ డెక్ ఆడే తీరు చిన్నది. ఏనుగును చేతిలోంచి నేరుగా దింపాలంటే ఆటలో కూడబెట్టుకున్న శక్తి చాలా ఖర్చవుతుంది. అందుకని ముందు దాన్ని పారేసిన కార్డుల కుప్పలోకి వదిలేస్తాడు. మట్టిగోడల కార్డులు అడ్డం పెట్టుకుని కాలం గడుపుతాడు. తర్వాత ఇంకో కార్డుతో ఏనుగును కుప్పలోంచి చవకగా లేపుతాడు. గోడ, కుప్ప, ఏనుగు. జబ్బుకు ముందు నేర్చుకున్నది కాబట్టి అది చెక్కుచెదరలేదు. మళ్లీ ఆదివారాలు మొదలయ్యాయి. ఓడినా గెలిచినా బస్సులో దాని గురించే మాట్లాడేవాడు.

ఇప్పుడు ఆ కుప్పనే కాల్చే కార్డు వస్తోంది.

నేను బడిలో చదివింది అరవంలో. మా ఇళ్లలో తెలుగు మాట్లాడతాం గానీ చదవగలిగేవాళ్లు తక్కువ. ముప్పై దాటాక గ్రంథాలయంలో పిల్లల వాచకం ముందు పెట్టుకుని నాకు నేనే అక్షరాలు నేర్చుకున్నాను. అక్కడి తెలుగు అలమర మొత్తం చదివేశానని చెప్పుకోవడం నాకిష్టం. కొలిమి బొమ్మ చూసిన వారం కూడా అక్కడికే వెళ్లాను. అడవిలో నక్కలూ కుందేళ్లూ ఎలా పెరుగుతాయో, ఎలా తగ్గుతాయో చెప్పే పుస్తకం ఒకటి ఉంది. దాన్ని మళ్లీ తీసి చదివాను. కొలిమి నక్క, కుప్ప మీద బతికే డెక్‌లు కుందేళ్లు. మొదట అందరూ కొలిమి పెట్టుకుంటారు. కుప్ప డెక్‌లు అడుగంటిపోతాయి. అప్పుడు కొలిమికి కాల్చడానికేమీ ఉండదు, పెట్టుకున్నవాళ్ల చేతిలో అది దండగ. చిన్నచిన్న పురుగుల కార్డులతో వేగంగా మీదపడే డెక్‌లకు కుప్పతో పనే లేదు, అవి ఆ సందులో పెరుగుతాయి. వాటికి భయపడి జనం కొలిమి తీసేసి గోడలు పెట్టుకుంటారు. కొన్ని నెలలకు కుప్ప డెక్‌లు తిరిగొస్తాయి.

ఈ లెక్క తప్పని ఇప్పటికీ అనుకోను. పుస్తకం మూశాక మాత్రం బావ గుర్తొచ్చాడు. కుందేళ్లు తిరిగి పెరుగుతాయి, నిజమే. ఈ ఒక్క కుందేలు అందాకా ఏమవుతుంది? మిగతావాళ్లు ఆ నెలలకు వేరే డెక్ కట్టుకుంటారు. బావకు ఉన్నది ఒక్కటే.

ఆ సాయంత్రం చెప్పాను.

"బావా, కొత్త సెట్‌లో ఒక కార్డు వస్తా ఉండాది."

"ఏమి చేస్తాది?"

"కుప్పంతా కాలుస్తాది."

అతను కట్టలోంచి ఏనుగును తీసి చూసుకున్నాడు. "దీన్నా?"

"దాన్నేదా."

"ఎవురు చెప్పిరి? నీ లైబ్రరీనా?"

"కంపెనీవాళ్లే చూపించిరి బావా."

అక్క పొయ్యి దగ్గరనుంచే అందుకుంది. "పెద్ద జోస్యగాడు వచ్చేశాడు! తిన్నావా, కాఫీ తాగినావా అని లేదు, వచ్చేటప్పుడే కాలుస్తాది, పోతాది. ఆయన్ని యాల భయపెడతావు?"

నేను బయల్దేరేటప్పుడు మాత్రం వీధి గడప దాకా వచ్చి గొంతు తగ్గించింది. "చీట్లాట, చీట్లాట అని మీ ఇద్దరినీ తిట్టినదాన్ని నేనే. ఇప్పుడు ఆదివారం వస్తే నేనే చొక్కా ఇస్త్రీ చేసి ఇస్తుండా. అది లేకుంటే ఈ మనిషి మళ్లా గోడ దిక్కు తిరిగిపోతాడురా తంబీ. ఏమన్నా చెయ్యి."

ఏమన్నా చేద్దామని కొత్త కార్డుల బొమ్మలు కాగితం మీద అచ్చు తీసి, పాత కార్డుల తొడుగుల్లో పెట్టి, అతని డెక్‌లో కొన్ని కలిపి ఆడించాను. మొదటి కాగితం చేతిలోకి రాగానే "ఇదేమి?" అన్నాడు. చెప్పాను. మరుసటి వంతుకు అదే కార్డును చూసి "ఇదేమి?" అన్నాడు. మళ్లీ చెప్పాను. ఇంకో వంతు గడిచింది. ఈసారి అడగలేదు. నా ముఖం చూశాడు, తాను అడిగిందే అడుగుతున్నానేమోనని వెతుక్కుంటున్నట్టు. తర్వాత కాగితాలన్నీ ఏరి నా ఒళ్లో పడేశాడు. ఆ చూపు తర్వాత చాలా రోజులు నన్ను వదలలేదు.

మా రెండు కుటుంబాలూ మదురైకి దక్షిణాన నల్లరేగడి ఊళ్లవే. అక్కడ కొందరు వాన రాకముందే పొడినేలలో విత్తేస్తారు, లోతుగా. చిన్న జల్లు పడితే ఆ తడి అంత లోతుకు దిగదు, విత్తు కదలదు. అసలు వాన పడ్డప్పుడే మొలుస్తుంది. మొదటి చినుకులకు మోసపోకూడదని మా వాళ్లకు చిన్నప్పటినుంచే ఒంట్లో ఉంటుంది. విడుదలకు ముందు శనివారం డెక్ ఏం చేద్దామని నేను మళ్లీ గొణుగుతుంటే బావ చెయ్యి అడ్డం పెట్టాడు.

"జల్లు," అన్నాడు.

"ఏమి బావా?"

"అది జల్లు. వాన కాదు. లోపల ఉండనీ."

నాకు ప్రాణం లేచొచ్చింది. అవును గదా అనుకున్నాను. మొదటి వారం కోయంబత్తూరుకు వచ్చే పెట్టెలే తక్కువ, కొలిమి ఎంతమందికి దొరుకుతుంది? దొరికినవాళ్లు కూడా ముందు మెరిసే కార్డులే ఆడి చూస్తారు. ఒక్క కార్డు కూడా మార్చకుండా అదే డెక్‌తో మొదటి ఆదివారం పోటీకి పేరిచ్చాం. ఇప్పుడు ఆలోచిస్తే, మా ఊళ్ల మనుషులు తప్ప ఎవరూ అలా చేసి ఉండరు. వేరేవాళ్లైతే కనీసం రెండు గోడలు మార్చి ఉండేవాళ్లు. మాకు కదపకపోవడమే తెలివిగా తోచింది.

మేడమీద ఆ రోజు కూర్చోడానికి చోటు లేదు. మొదటి ఆటలో బావకు పురుగుల డెక్ ఎదురైంది. గోడలు నిలిచాయి, ఏనుగు లేచింది, గెలిచాడు. నావైపు తిరిగి "జల్లు" అన్నాడు. నవ్వాను. నా కళ్లు మాత్రం చుట్టూ బల్లలమీద కొలిమికోసం వెతుకుతూనే ఉన్నాయి.

రెండో ఆటలో ఎదురుగా ఒక కాలేజీ అమ్మాయి. నా ఆట ముందే ముగిసింది కాబట్టి వెనక నిలబడ్డాను. చూసేవాళ్లు ఆడేవాళ్లకు ఒక్క మాటా అందించకూడదు. అది నియమం. బావ ఏనుగును కుప్పలోకి వదిలాడు. గోడ పెట్టాడు. ఆ అమ్మాయి కొంచెం ఆలోచించి ఒక కార్డు దింపింది. కొలిమి. ఇద్దరి కుప్పలూ తీసి పక్కన పెట్టించింది.

బావ వంతు వచ్చింది. ఏనుగును లేపే కార్డు తీసి చూపించి, కుప్ప ఉండే చోటికి చెయ్యి చాచాడు. వేళ్లు బల్లమీది గుడ్డను తాకాయి. అటూ ఇటూ తడిమాడు.

"కుప్ప యాడ?"

ఆ అమ్మాయికి తెలుగు రాదు. ప్రశ్న మాత్రం అర్థమైనట్టుంది. "ఎల్లాం పోయిడిచ్చు, అంకుల్," అంది. అంతా పోయింది.

అతని నోటి కుడికొస కిందికి జారింది. ఆస్పత్రిలో మొదటి రోజు అలాగే జారింది. ఒక్క మాట, "బావా, కొలిమి" అని ఒక్క మాట అంటే చాలు. అనకూడదు. అన్నా నిలుస్తుందా?

"పడిచ్చు కాట్టట్టుమా అంకుల్?" అని అడిగింది ఆ అమ్మాయి, చదివి వినిపించనా అని. అతను తలూపాడు. ఆమె కార్డును అతనివైపు తిప్పి, ఇంగ్లీషులో చదివి, అరవంలో నిదానంగా చెప్పింది. అతను సరే అన్నట్టు ఒక గోడ పెట్టాడు. తర్వాతి వంతుకు చెయ్యి మళ్లీ ఆ ఖాళీ చోటికే పోయింది. ఆమె మళ్లీ చదివింది. ఆ తర్వాతా చదివింది. గడియారం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. బావ ఓడిపోయాడు. మూడో ఆటకు పిలిచేలోపే "ఇంటికి" అని లేచాడు.

బస్సులో డెక్ పెట్టె ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఏ ఆట గురించీ ఎత్తలేదు. గెలిచిన ఆటను నేనే గుర్తుచేసినా కిటికీవైపే తిరిగి ఉన్నాడు. తుడియలూరులో దిగేదాకా అతను చూస్తున్నది వీధినా, మళ్లీ ఆ గోడనా అన్నది నాకు తేలలేదు. అక్క తలుపు తీసి మా ఇద్దరి ముఖాలూ చూసి, కంచాలు పెట్టడానికి లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున్నే ఆమె ఫోన్ చేసింది. "వచ్చి చూడు. సీక్రం రా." అంతే, ఫోన్ పెట్టేసింది. ఆ దారంతా ఆస్పత్రి వరండానే నా కళ్లముందు ఉంది.

బావ చాపమీద కూర్చుని ఉన్నాడు. డెక్ మొత్తం ముందు పరిచి ఉంది. ఏనుగు కార్డులన్నీ మాత్రం దూరంగా, గోడవారగా, బోర్లించి ఉన్నాయి.

"లేచినప్పట్నుంచీ ఇట్లేదా," అంది అక్క. "అవి తీసి అవతల పారేశాడు. అవి లేకుండ ఆటే లేదంటివి గదా. ఏనుగునే మరిచిపోయినాడారా?"

చివరగా మిగిలింది అదే, అదీ పోయిందనుకున్నాను. పక్కన కూర్చుని ఒక కార్డు తిప్పి చూపించాను.

"బావా, ఇదేమి?"

చాలాసేపు చూశాడు. "ఏనుగు."

"యాల తీసినావు?"

నన్ను తెలివితక్కువవాణ్ని చూసినట్టు చూశాడు. "ఆ పాప కాలుస్తాది గదా."

అక్క గరిటె పట్టుకుని గడపమీద అలాగే కూర్చుండిపోయింది.

కార్డు పేరేమిటని అడిగాను. తెలియదు. సెట్ పేరు తెలియదు. నిన్న ఎన్ని ఆటలు ఆడాడో తెలియదు. కాలడం మాత్రం ఒక రాత్రి దాటి వచ్చి అతని లోపల ఉంది. రేపటికి ఉంటుందా అన్నది నాకు తెలియదు. ఏనుగు లేని ఆ కట్టతో ఏం గెలుస్తాడో అంతకన్నా తెలియదు. ఇది అతనికి పట్టుబడేలోపు కంపెనీ ఇంకో సెట్ బొమ్మలు చూపించడం మొదలుపెడుతుంది. ఆ సంగతి ఆ పొద్దున కూడా నా నెత్తిన బరువుగానే ఉంది.

"కొత్తవి చదువు," అన్నాడు బావ.

ఫోన్ తీసి మొదటి కార్డు చదివాను. మిల్లుకు వేళవుతోంది, రెండోది మొదలుపెట్టాను.

"మొదటిది మళ్లా."

మళ్లీ చదివాను.

"మెల్లగరా. నీకేమి పరీక్షా? ఇంగోసారి చదువు."

గడప బయటికెళ్లి మిల్లుకు ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పాను. తిరిగొచ్చి చాపమీద కూర్చుని మొదటి కార్డు చదివాను.