ఉడుము, వేటీగ, విరిగిన కాలు

సాంబమూర్తి పెళ్ళికి వెళ్ళినా, పరామర్శకు వెళ్ళినా ఉడుమునూ వేటీగనూ వెంట తీసుకువెళ్ళేవాడు. సంచిలో కాదు, నోట్లో. ఈ రెంటిలో ఏది గొప్ప వేటగాడన్నది ఆయన తేల్చుకోలేని వ్యాజ్యం. ఉడుమంటే మూడు మూరల జంతువు. వేటీగ చిటికెన వేలి గోరంత పురుగు, ఎగిరే ఈగను గాలిలోనే ఒడిసిపట్టి పీల్చేస్తుంది.

ఆయన చల్లపల్లి నుంచి నేత చీరెలు తెచ్చి బెజవాడలో అమ్మేవాడు. గవర్నర్‌పేటలో ఒక ఇల్లాలు అంచు గట్టిదేనా అని అడిగితే, "ఉడుం పట్టమ్మా" అని మొదలుపెట్టి, ఆవిడ తలుపు వేసుకున్నాక మిగతాది గడపకు చెప్పి వెళ్ళాడు.

1946 వేసవిలో ఆయన స్నేహితుడు, దర్జీ నాగుల్ మీరా జట్కా మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పి నడవమన్నాడు డాక్టరు. అడుగు వేస్తే మళ్ళీ పుటుక్కుమంటుందని మీరాకు భయం, ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గు. కుట్టుమిషను మీద దుప్పటి కప్పించి మంచానికి అతుక్కుపోయాడు.

సాంబమూర్తి రోజూ వచ్చేవాడు. కాలి ఊసెత్తేవాడు కాదు.

"ఉడుమే గొప్పది సాయిబూ. కోడిపిల్లను అమాంతం మింగేస్తుంది."

"అంత ఒళ్ళుంటే ఎవరైనా మింగుతారండీ. వేటీగ తనంత ఈగను మోసుకుపోతుంది. అదీ వేటంటే."

"అదెక్కడ కదులుతుంది? ఆకు మీద కూర్చుని, ఎవరన్నా తెచ్చిపెడితే తింటుంది."

ఆ మాట మీరాకు ఎక్కడో గుచ్చుకుంది. పదకొండు రోజులు ఇదే వాదన. కాలినొప్పి పోయి తలనొప్పి పట్టుకుంది.

పన్నెండో రోజు పెరట్లో బెండమొక్క మీద వేటీగ వాలింది. సాంబమూర్తి కిటికీలోంచి చూసి, "ఇందాకట్నుంచీ అక్కడే ఉంది, సోమరిపోతు" అన్నాడు. అంతలో అది రివ్వున లేచి, మళ్ళీ అదే ఆకు మీద వాలింది. మీరా మంచం దిగి, గోడ పట్టుకుని, గడప దాటి, మొక్క దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"కళ్ళుంటే చూడండి మూర్తిగారూ, పట్టిందా లేదా?"

అప్పుడు తన కాళ్ళకేసి చూసుకున్నాడు. రెండూ నేల మీదే ఉన్నాయి. ఏదీ పుటుక్కుమనలేదు.

గుమ్మంలో అతని భార్య నజీరా కొంగుతో కళ్ళొత్తుకుంటూ నవ్వుతోంది. "అన్నగారూ, నాతో రోజూ వేటీగే గొప్పదనేవారుగా" అంది.

సాంబమూర్తి చీరెల మూట సర్దుకోవడంలో పడ్డాడు. మీరాకు సంగతి అర్థమైంది. కోపం తెచ్చుకుందామనుకుంటే నవ్వొచ్చింది.

"నిజం చెప్పండి. మీ లెక్కన ఏది గొప్పది?"

"నాకేం తెలుసు సాయిబూ" అన్నాడు సాంబమూర్తి, మూట భుజాన వేసుకుంటూ. "నేను ఉడుమును ఇంతవరకూ చూడనే లేదు."